మాష్టారి సంరక్షణలో డెల్మీరత్త

మా అల్దేయా సెకా గ్రామంలో మతిమరుపు గలవారు ఒక్కరు కూడా లేరని గ్రామ మండలి తరఫున సగర్వంగా తెలియజేస్తున్నాను. మొత్తం ఒకే ఒక్క కేసు ఉండేది. అది కూడా నయమైపోయింది. ఈ ఘనత ఎలా సాధించారని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడుగుతున్నారు గనుక, మండలి కార్యదర్శిగా జరిగింది జరిగినట్టు చెప్పడం నా విధి.

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో జిల్లా కేంద్రం నుంచి స్మృతి రక్షణ పథకం మా ఊరికి వచ్చింది. పథకం అంటే కార్లోటా అనే మనస్తత్వ నిపుణురాలు, ఆమె వెంట ఒక అట్టపెట్టె, పెట్టెలో పెన్సిళ్ళు. మా మండలి అధ్యక్షుడు నోర్బెర్తోగారు హాల్లో స్వాగతోపన్యాసం చేశారు. గ్రామానికి జ్ఞాపకశక్తే వెన్నెముక అన్నారు. వృద్ధులే మన గ్రంథాలయాలు అన్నారు. ఆ గ్రంథాలయాల్లో సగానికి చదువు రాదన్న సంగతి ఆ సందర్భానికి తగదు కాబట్టి అనలేదు. నిపుణురాలిని మూడు వేర్వేరు పేర్లతో పిలిచి, మూడింటికీ చప్పట్లు కొట్టించారు. ఆయన వయసు పరీక్ష పరిధిలోకి రాదు.

వయసు పరిధిలోకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆ రోజు తోటల్లో ఉన్నారు. పరీక్షకు రానివాళ్ళందరినీ ఆరోగ్యవంతులుగా నమోదు చేశాం. వచ్చినవాళ్ళలో ఎర్మీనియో మాష్టారు, ఆయన భార్య డెల్మీరా ఉన్నారు. ఊరంతా ఆమెను డెల్మీరత్త అనే పిలుస్తుంది.

మాష్టారు ఈ ఊరికి ఇరవై రెండేళ్ళ కుర్రాడిగా వచ్చారట. డెల్మీరత్త వాళ్ళింట్లో అద్దెకు దిగి, ఆ ఇంటి కూతుర్నే పెళ్ళి చేసుకున్నారు. నాతో సహా ఊళ్ళో అక్షరం ముక్క వచ్చినవాళ్ళందరికీ ఆయనే గురువు. అత్తకు మాత్రం చదువు రాదు. ఆ కాలంలో ఆడపిల్లను బడికి పంపితే మేకలు ఒంటరివైపోయేవి. పెళ్ళయ్యాక మాష్టారు నేర్పిద్దామనే అనుకున్నారు. కానీ పగలంతా నలభై మందికి నేర్పి వచ్చిన మనిషి, సాయంత్రానికి అలసిపోతారు కదా. అలా ఉద్యోగ విరమణ దాకా అలసిపోతూనే ఉన్నారు. అత్త కూడా లోకంతోపాటు ఆయన్ని మాష్టారూ అనే పిలుస్తుంది.

ఆ రోజు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకువచ్చింది అత్తే. హాలు తలుపు దగ్గరే కార్లోటాను ఆపి, "ఈయన్ని కాస్త చూడండి డాక్టరమ్మా. ఏదో తేడాగా ఉంది" అంది. బూట్లు పొయ్యిలో ఎండబెడుతున్నారని, చనిపోయిన తల్లికి మధ్యాహ్నం పళ్ళెం పెట్టమంటున్నారని, నిన్న ఇల్లు తెలియక ఊరి అంగడి ముందు నిలబడిపోయారని చెప్పింది. మాష్టారు టోపీ తీసి, కార్లోటా చెయ్యి అందుకుని పెదవులకు తాకించి, ఇంత దూరం శ్రమపడి వచ్చినందుకు గ్రామం పక్షాన కృతజ్ఞతలు తెలిపారు. కార్లోటా ముఖం వికసించింది. ఇలాంటి మనిషికి తేడా ఏమిటని ఆమె అనుకున్నట్టు మాకందరికీ కనిపించింది. మేమూ అదే అనుకున్నాం.

పరీక్షలో మాష్టారు చెలరేగిపోయారు. గడియారం గీయమంటే రోమన్ అంకెలతో గీశారు. పెట్టె బొమ్మను చూసి గీయమంటే నీడలు కూడా దిద్దారు. 'ప' అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చెప్పమంటే, నిమిషం అయిపోయినా ఆగలేదు. ఆ ఊపులోనే దేశంలోని నదులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి అప్పజెప్పారు. తేదీ అడిగితే చంకలో ఉన్న పత్రిక తీసి, చూసి, చెప్పారు. ఒక్కచోట మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. మొదట్లో చెప్పిన అయిదు మాటల్ని చివర్లో తిరిగి చెప్పమన్నప్పుడు ఒక్కటీ రాలేదు. అసలు తనకు ఎవరూ ఏ మాటా చెప్పలేదన్నారు. కానీ ఆ సంగతి ఎంత మర్యాదగా అన్నారంటే, చెప్పామని పట్టుబట్టడం మోటుగా ఉంటుందని కార్లోటాకే అనిపించింది. ముప్పైకి ఇరవై అయిదు వచ్చాయి. ఆరోగ్యం.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కార్లోటా అత్తను కూడా కూర్చోమంది. తనకేమీ తేడా లేదని అత్త అంటే, పది నిమిషాల పనే అంది.

పెన్సిల్‌ను అత్త దుంపల చెక్కు తీసే చాకును పట్టుకున్నట్టు పట్టుకుంది. గడియారం గీయమంటే గుండ్రంగా ఒక గీత గీసి ఇచ్చేసింది. మా చర్చి గడియారానికి ముళ్ళు ఊడిపోయి చాలా కాలమైంది. మరమ్మతు మండలి పరిశీలనలో ఉంది. ఆమె ఉన్నది ఉన్నట్టు గీసింది. పెట్టె బొమ్మ చూసి, అడుగు విరిగినట్టుంది, దీన్లో కాయలు పోస్తే నిలవవు అంది. 'ప' అక్షరంతో మాటలు చెప్పమంటే, ఆ అక్షరంతో తనకు పరిచయం లేదంది. జంతువుల బొమ్మల్లో సింహాన్ని చర్చి గోడ మీద, ఒంటెను క్రిస్మస్ బొమ్మల కొలువులో చూసి ఉండటం వల్ల గుర్తుపట్టింది. ఖడ్గమృగాన్ని మాత్రం ఏదో జబ్బు చేసిన పంది అనుకుంది. ఈ రోజేమిటి అంటే, పొద్దున రొట్టెల బండి వచ్చింది కాబట్టి మంగళవారమో శుక్రవారమో అయ్యుండాలి అంది. అలాంటి జవాబుకు సగం మార్కు ఇచ్చే గడి ఆ కాగితంలో లేదు. చివర్లో తనకు చెప్పిన అయిదు మాటలూ వరసగా చెప్పింది. అంతకుముందు మాష్టారికి చెప్పిన అయిదు మాటలు కూడా చెప్పబోతే, అవి ఆమెవి కావని కార్లోటా ఆపింది.

పదకొండు మార్కులు వచ్చాయి. తక్కువ చదివినవారికి ఒక మార్కు కలపాలని నిబంధన. చిన్నప్పుడు బడికి పంపనందుకు ప్రభుత్వం చెల్లించే నష్టపరిహారం అదే. దాంతో పన్నెండయ్యాయి. స్వల్ప జ్ఞాపక లోపం అని రాశారు. స్వల్పం అన్న మాట విని ఆమె మొదట సంతోషించింది. మా ప్రాంతంలో ఆ మాట వడగళ్ళ నష్టానికి వాడతారు. స్వల్పం అని రాస్తే ఎవరూ వచ్చి చూడరు. ఇక్కడ మాత్రం వచ్చారు.

పథకం నిబంధనల ప్రకారం లోపం గల ప్రతి వ్యక్తికీ ఒక అధీకృత సంరక్షకుడు ఉండాలి. అతడు అదే ఇంట్లో నివసించాలి, చదవడం రాయడం వచ్చి ఉండాలి, పరీక్షలో గట్టెక్కి ఉండాలి. వెతకాల్సిన పని లేకపోయింది. ఎర్మీనియో మాష్టారు తన భార్యకు సంరక్షకులుగా నియమితులయ్యారు. ఇకపై ఆమె విషయంలో ఏ కాగితానికైనా ఆయన సంతకమే చెల్లుతుంది. ఆమె చెప్పుకునే ఫిర్యాదులన్నీ ఆయన ద్వారానే రావాలి. నియామక పత్రం అందుకుని ఆయన బాధ్యతను వినమ్రంగా స్వీకరిస్తున్నానన్నారు. ఇంటికి వెళ్తూ దారిలో, ఇంతకీ ఎవరికి బాగాలేదని అత్తను అడిగారు.

సంరక్షకులకు జిల్లా కేంద్రంలో గురువారం గురువారం శిక్షణ ఉంటుంది. మాష్టారు ఒక్కరే బస్సెక్కితే ఏ దేశంలో దిగుతారో తెలియదు కాబట్టి, రోగి ఆయన వెంట వెళ్ళి, తరగతి గదిలో కూర్చోబెట్టి, బయట వరండాలో బల్ల మీద కూర్చునేది. తలుపు తెరిచే ఉండేది. లోపల పాఠం చెబుతున్నారు. రోగితో వాదించకూడదు. రోగి ఏ కాలంలో ఉన్నాననుకుంటే మీరూ ఆ కాలంలోకి వెళ్ళండి. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మాట్లాడండి. మాష్టారు అందమైన చేతిరాతతో అన్నీ రాసుకుని, ఆ కాగితాలు బస్సులో వదిలేసేవారు. అత్తకు రాసుకోవడం రాదు కాబట్టి విన్నది విన్నట్టు ఇంటికి తీసుకువెళ్ళింది. ఆ రోజు నుంచి మాష్టారు తల్లికి పళ్ళెం పెట్టమంటే పెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు, ఆవిడ చనిపోయిందని ప్రతిసారీ చెప్పేదట. ఆయన ప్రతిసారీ కొత్తగా ఏడ్చేవారట.

రోగికి స్నానం, వంట చేసి పెట్టడానికి వారానికి రెండు రోజులు ఒక సహాయకురాలు కూడా వచ్చేది. వచ్చిన మొదటి రోజే అత్త ఆమెను మాష్టారి గడ్డం గీయడానికి పురమాయించింది. ఇద్దరూ కలిసి ఆయన్ని తొట్టెలో కూర్చోబెట్టేవారు. ఒంటి చేత్తో చేసే పని కాదు అది. రోగి పరిశుభ్రత సంతృప్తికరం అని సహాయకురాలు నివేదిక రాసేది. అది అబద్ధం కాదు. ఎవరి పరిశుభ్రతో రాయమని ఎవరూ అడగలేదు.

చలి తగ్గిన తర్వాత ఒక ఉదయం మాష్టారు తమ పాత తెల్ల కారు తీసుకుని బయలుదేరారు. పాఠశాల ఇన్‌స్పెక్టరుగారు రైలు దిగుతున్నారు, ఎదురెళ్ళి తీసుకురావాలన్నారు. ఆ ఇన్‌స్పెక్టరు పోయి చాలా కాలమైంది. రైలు కూడా. అత్త పొలాలకు అడ్డంపడి నడుచుకుంటూ వెళ్ళేసరికి, మూతపడ్డ స్టేషన్లో రెండు పట్టాల మధ్య కారు ఆపి, టోపీ ఒళ్ళో పెట్టుకుని మాష్టారు ఎదురుచూస్తున్నారు. మా కొండ ప్రాంతానికి రైళ్ళు దండగ అని ప్రభుత్వం ఏనాడో నిర్ణయించినందుకు అప్పట్లో మేం రాళ్ళు రువ్వాం. ఆ నిర్ణయంలోని ముందుచూపు ఆ రోజు గాని మాకు అర్థం కాలేదు.

మర్నాడు అత్త మండలి కార్యాలయానికి వచ్చింది. కారు తాళాలు మీ దగ్గర పెట్టుకోండి, ఈసారి పట్టాల మీదికి కాదు, పిల్లల మీదికి పోతారు అంది. నోర్బెర్తోగారు చాలా ఓపికగా విన్నారు. సంరక్షకుడి మీద రోగికి అనుమానాలు కలగడం ఈ జబ్బులో సహజమని, పథకం వాళ్ళిచ్చిన కరపత్రంలో నాలుగో పేజీలో ఉందని వివరించారు. ఫిర్యాదు చెల్లాలంటే సంరక్షకుడి సంతకం కావాలన్నారు. మాష్టారు డ్రైవింగ్‌కు తగినవారేనా అంటే, ఇరవై అయిదు మార్కులు వచ్చాయి కదమ్మా అన్నారు. అత్త ఇంటికి వెళ్ళి తాళాలు నూతిలో పారేసింది. ఈసారి మండలి చురుకుగా స్పందించింది. ఇంటి వస్తువులను పారవేయుట అనే కొత్త లక్షణం బయటపడినట్టు పైకి రాశాం. లోపం ముదురుతోందని, జిల్లా కేంద్రంలోని వృద్ధాశ్రమంలో ఒక మంచం కేటాయించినట్టు పైనుంచి జవాబు వచ్చింది. సంరక్షకుడి అంగీకారం కోసం కాగితం నేనే పట్టుకెళ్ళాను. మాష్టారు అక్షరదోషాలు లేవని నిర్ధారించుకుని సంతకం పెట్టారు. నా చదువు వృథా కాలేదని మెచ్చుకున్నారు.

అత్తను తీసుకువెళ్ళడానికి వ్యాన్ వచ్చిన రోజు సగం ఊరు గేటు దగ్గర చేరింది. కార్లోటా కూడా వచ్చింది. అత్త ఏడవలేదు, గొడవ చేయలేదు. పొయ్యి మీద క్యాబేజీ సూప్ దించింది. మాష్టారికి ఆదివారం కోటు తొడిగి, బొత్తాలు తనే పెట్టింది. పక్కింటావిడకు, ఆయన సూప్ చల్లారాకే తాగుతారు, వేడిది ఇస్తే కాల్చుకుని కూడా చెప్పరు అని ఒక్క మాట చెప్పి, చిన్న మూట పట్టుకుని బయటికి వచ్చింది. ఆ మూట బరువేం లేదు. అయినా రెండు చేతులతో పట్టుకుంది.

కార్లోటా మాష్టారి దగ్గరకు వచ్చి, "మాష్టారూ, మీ భార్య వెళ్తున్నారు. ఒక మాట చెప్పండి" అంది.

మాష్టారు టోపీ తీశారు. "క్షమించాలి, మీరు పొరబడినట్టున్నారు. నాకింకా పెళ్ళి కాలేదు. ఈ అమ్మాయి నేను దిగిన ఇంటివాళ్ళ కూతురు. చాలా చురుకైన పిల్ల. చదువు చెప్పాలనుకుంటున్నాను" అన్నారు. తర్వాత అత్త వైపు తిరిగి, "వచ్చే నెల నుంచి మొదలుపెడదామా?" అన్నారు.

"అలాగే మాష్టారూ. వచ్చే నెల నుంచి" అంది అత్త.

నోర్బెర్తోగారే ముందు తేరుకున్నారు. యాభై ఏళ్ళు దాటిన కాపురంలో ఇంకా ఈ సరసం, ఈ చమత్కారం, దీన్నే అంటారు పాతతరం సంస్కారం అని చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. వ్యాన్ డ్రైవరు కూడా కొట్టాడు. కార్లోటా మాత్రం కొట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అత్తను అడిగింది.

"మీరు రాకముందు నుంచే. ఆ రోజు తలుపు దగ్గర చెప్పాను కదమ్మా."

"చెప్పారు" అంది కార్లోటా.

"చెబితే, మీరు నా చేతికి పెన్సిలిచ్చారు."

కార్లోటా పంపేయడంతో వ్యాన్ ఖాళీగా వెళ్ళిపోయింది. ఖాళీగా వెళ్ళినందుకు మేం సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది.

తర్వాతి వారం కార్లోటా మరో పెట్టెతో వచ్చింది. బడికి వెళ్ళనివారి కోసం వేరే పరీక్ష ఉందట. ముందు నుంచీ ఉందట. మా జిల్లాకు ఎవరూ తెప్పించలేదు. అందులో పెన్సిల్ లేదు. సంతలో బుట్టలోకి ఏం కొంటారు, ఈ కథ విని మళ్ళీ చెప్పండి, ఈ బొత్తాలు ఏ వరసలో పెట్టాను, ఇలాంటివి. అత్త గట్టెక్కింది. బొత్తాల దగ్గర ఒక తప్పు చేసి, చూపు ఆనలేదని దబాయించింది కూడా.

ఇక మాష్టారి సంగతి. ఆయనకు మళ్ళీ పరీక్ష చేయాలని కార్లోటా పైకి రాసింది. చదువుకున్న వ్యక్తికి చదువురానివారి పరీక్ష వర్తించదని, చదువుకున్నవారి పరీక్షలో ఆయన ఇప్పటికే ఉత్తీర్ణులని, ఉత్తీర్ణులను తిరిగి పరీక్షించడానికి పథకంలో ఏర్పాటు లేదని జవాబు వచ్చింది. పైగా ఆ జవాబుతో పాటే, జిల్లా ఉత్తమ సంరక్షకుడి పతకానికి ఆయన పేరు ఖరారైనట్టు ఇంకో లేఖ వచ్చింది. మళ్ళీ రాస్తే, ఆమె ఉద్యోగ ఒప్పంద కాలం ముగిసిందని రాశారు. వెళ్ళేముందు కార్లోటా అత్త ఇంటికి వెళ్ళి చాలాసేపు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో మండలికి తెలియపరచలేదు.

అత్తను రోగుల జాబితా నుంచి తీసేయడానికి ఒక్క అడ్డంకి మిగిలింది. సంరక్షకుడు దరఖాస్తు చేయాలి. కాగితం నేనే రాసి తీసుకువెళ్ళాను. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని మాష్టారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం పైకి చదివారు. అత్త పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"ఈ డెల్మీరా ఎవరు?" అని నన్ను అడిగారు.

"మీ భార్య, మాష్టారూ."

"బాగుందా?"

"బాగున్నారండి."

ఆయన వేలితో కాగితం చివర చూపించారు. "ఇక్కడ వేలిముద్ర అని ఎందుకు రాశావు?"

ఆవిడకి చదువు రాదని నేను నెమ్మదిగా చెప్పాను. మాష్టారు కళ్ళజోడు తీశారు. నన్ను బడిలో చూసినట్టు చూశారు.

"నా భార్యకి చదువు రాకపోవడమేమిటి? నేను మాష్టార్ని. ఇది ఎవరో పొరపాటు చేశారు."

నేను అత్త వైపు చూశాను. ఆమె గరిటె కింద పెట్టింది. వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"పొరపాటే అయ్యుంటుంది మాష్టారూ. మీరు సంతకం పెట్టండి."

ఆయన వేలిముద్ర అన్న మాట కొట్టేసి, సంతకం అని దిద్ది, తమ సంతకం పెట్టారు. దిద్దుబాటు ఉన్న కాగితం చెల్లదు కాబట్టి, నేను మండలికి వచ్చి ఇంకోటి రాసుకుని మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. రెండోసారి కూడా అదే అడిగారు. అత్త కూడా అదే చెప్పింది. ఈసారి ఆయన దిద్దకుండా ఆమె అరచెయ్యి ఆ మాట మీద ఆన్చి పెట్టింది.

పతక ప్రదానం జిల్లా కేంద్రంలో జరిగింది. మాష్టారు అరగంట అనర్గళంగా ప్రసంగించారు. అది మా బడి కొత్త భవనం ప్రారంభించినప్పుడు చేసిన ప్రసంగమే. అందులో పిల్లలు అన్నచోట వినేవాళ్ళందరూ రోగులు అని అర్థం చేసుకున్నారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. పతకం ఆయన మెడలో వేస్తున్నప్పుడు, ముందుకు తూలి పడిపోకుండా వెనక నుంచి కోటు పట్టుకుని నిలబడినావిడ పత్రికలో వచ్చిన ఫోటోలో సగమే పడింది.

ఆ నెలాఖరుకు సహాయకురాలు రావడం మానేసింది. దంపతులిద్దరూ ఆరోగ్యవంతులైన ఇంటికి సహాయకురాలిని పంపే ఏర్పాటు లేదు. వారం తిరక్కుండానే అత్త నా కార్యాలయానికి వచ్చింది. ముంజేతికి కట్టు ఉంది. తొట్టెలోంచి ఆయన్ని లేపుతుంటే ఇద్దరూ పడ్డారట. ఆయనకేం కాలేదని ముందు అదే చెప్పింది.

"నాయనా, నాకు ఆ మొదటి పరీక్షే మళ్ళీ పెట్టించు. ఈసారి కూడా తప్పుతాను" అంది.

నయమైన రోగిని తిరిగి రోగిగా చేర్చుకోలేమని ఆమెకు అర్థమయ్యేలా చెప్పి పంపాను. ఆ మాత్రం సంస్కారం మాష్టారి శిష్యులందరికీ ఉంది. ఇద్దరి పేర్లూ ఇప్పుడు మండలి నోటీసు బోర్డు మీద, ఆరోగ్య గ్రామం అన్న శీర్షిక కింద, పక్కపక్కనే ఉన్నాయి. ఆవిడ వాటిని చదవలేదు. ఆయన రోజూ వచ్చి, ఎవరో అదృష్టవంతులు అంటూ పైకి చదివి వినిపిస్తారు.

ఇక మీ సంగతి. ఇంతదూరం చదివారంటే మీకు చదువు వచ్చినట్టే కాబట్టి, మీ జ్ఞాపకశక్తికి ఏ ఢోకా లేదు. రేపు మీరు బూట్లు ఎక్కడ పెట్టినా, ఎవరికి పళ్ళెం వడ్డించమన్నా దిగులుపడకండి. మీ ఇంట్లో ఎవరో ఒకావిడ మీ చెయ్యి పట్టుకుని డాక్టరు తలుపు దాకా వచ్చి, ఏదో తేడాగా ఉందని చెప్పవచ్చు. వాళ్ళు మిమ్మల్ని కూర్చోబెట్టి, ముందుగా ఆవిడ ఎంతవరకు చదివిందో అడుగుతారు.